నామినీ వేరు, వారసులు వేరు

బ్యాంకులో ఖాతా తెరిచినా, బీమా పాలసీ తీసుకున్నా, కొత్త ఉద్యోగంలో చేరి పీఎఫ్ ఫారం నింపినా ఒక గడి తప్పకుండా ఎదురవుతుంది. నామినీ పేరు, వయసు, సంబంధం. పెళ్లికాని కుర్రాడు అమ్మ పేరు రాస్తాడు. పెళ్లయినవాడు భార్య పేరు రాస్తాడు. ఇంకొకాయన, లెక్కలు చూసుకునేది తమ్ముడే కదా అని తమ్ముడి పేరు రాస్తాడు. అర నిమిషంలో పని అయిపోతుంది, ఆ కాగితాన్ని మళ్లీ ఎవరూ తీసి చూడరు. ఆ మనిషి పోయాక మాత్రం దాని చుట్టూ ఏళ్ల తరబడి తగువులు నడుస్తాయి. పెద్దకర్మ అవకముందే మాటలు ఆగిపోయిన ఇళ్లున్నాయి.

ఇంత గొడవకూ కారణం, నామినీ అన్నా లీగల్ హెయిర్ అన్నా ఒకటేనని మనలో చాలామంది అనుకోవడం. ఇందులో చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అన్న తేడా లేదు. తెలంగాణలో 2018లో రైతుబీమా మొదలయ్యాక, రైతు చనిపోతే ఐదు లక్షలు నామినీ ఖాతాలో పడతాయి కాబట్టి, పల్లెల్లో కూడా నామినీ అన్న మాట తెలియని ఇల్లు లేదు. మాట తెలిసినంతగా దాని వెనుక ఉన్న చట్టం తెలియలేదు.

మనం పోయాక ఫలానా సంస్థ నుంచి డబ్బు తీసుకోవడానికి మనం పేరు రాసి ఇచ్చిన మనిషి నామినీ. ఆ డబ్బు మీద చట్టప్రకారం హక్కున్న మనిషి వారసుడు. ఇద్దరూ ఒకరే కావచ్చు, కాకపోనూవచ్చు. ఈ తేడా పట్టుకుంటే కింది అపోహల్లో సగం వాటంతటవే తొలగిపోతాయి.

అపోహ: నామినీగా ఎవరి పేరుంటే డబ్బు వాళ్లదే.

వాస్తవం: అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయినది ఇదే. దీని మీద సుప్రీంకోర్టు 1983 డిసెంబరులోనే తేల్చి చెప్పింది. సర్బతీ దేవి కేసుగా పేరుపడ్డ ఆ తీర్పు వెనుక కథ ఏ ఇంట్లోనైనా జరగగలిగేదే. 1980లో ఒకాయన వీలునామా రాయకుండా చనిపోయాడు. పదేసి వేల రూపాయల బీమా పాలసీలు రెండున్నాయి. నామినీ భార్య. ఆయనకు తల్లి ఉంది, మైనరు కొడుకు ఉన్నాడు. ఆ డబ్బులో తలా మూడో వంతు మాకు రావాలని తల్లీ, కొడుకూ కోర్టుకు వెళ్లారు. కింది కోర్టులో ఓడారు, ఢిల్లీ హైకోర్టులో ఓడారు. సుప్రీంకోర్టులో గెలిచారు. బీమా సంస్థ నుంచి డబ్బు అందుకునే అధికారం మాత్రమే నామినీకి ఉందనీ, అందుకున్న డబ్బు వారసత్వ చట్టం ప్రకారం అందరికీ చెందాలనీ కోర్టు చెప్పింది. నామినీకి చెల్లించాక బీమా సంస్థ బాధ్యత తీరిపోతుంది. వారసుల మధ్య లెక్క అప్పుడే మొదలవుతుంది.

తర్వాత ఒక మార్పు వచ్చింది. 2015లో బీమా చట్టాన్ని సవరించి బెనిఫిషియల్ నామినీ అన్న ఏర్పాటు తెచ్చారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, వీరిలో ఎవరి పేరు నామినీగా ఉన్నా పాలసీ సొమ్ములో లబ్ధి హక్కు కూడా వాళ్లదేనని ఆ సవరణ అంటుంది. ఏజెంట్లు ఇప్పుడు చెప్పేది దీన్నే. ఇక తగువే లేదనుకుంటే పొరపాటు. దీనికి అర్థం చెప్పడంలో హైకోర్టుల తీర్పులన్నీ ఒకే దారిలో లేవు. 2025లో కర్ణాటక హైకోర్టు ముందుకు వచ్చిన కేసు చూడండి. ఒక కొడుకు పెళ్లికి ముందు పాలసీలు తీసుకుని తల్లిని నామినీగా రాశాడు. తర్వాత పెళ్లయింది, బిడ్డ పుట్టాడు. నామినీ పేరు మార్చలేదు. అతను చనిపోయాడు. 1983 కేసులో భార్య నామినీ, తల్లి వాటా అడిగింది. ఇక్కడ తల్లి నామినీ, భార్యాబిడ్డలు వాటా అడిగారు. వారసులు ముందుకొచ్చి అడిగినప్పుడు ఈ సవరణ వారసత్వ చట్టాన్ని తోసిపుచ్చలేదని చెప్పి, ముగ్గురికీ తలా మూడో వంతు అని కర్ణాటక హైకోర్టు తేల్చింది.

ఈ రెండు కేసుల్లోనూ చెడ్డవాళ్లంటూ ఎవరూ లేరు. పోయిన మనిషి ఎవరికి ఎంత ఇవ్వాలనుకున్నాడో ఎక్కడా రాసి పెట్టలేదు. ఆ లోటు తీర్చడానికి అత్తాకోడళ్లు ఏళ్లకేళ్లు వకీళ్ల చుట్టూ తిరిగారు.

పాలసీ సొమ్ము భార్యాబిడ్డలకే, మరెవరి వాటా లేకుండా, అప్పులవాళ్ల జోక్యం కూడా లేకుండా అందాలనుకునే భర్తకు ఒక పాత దారి ఉంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకోవడం. అలా తీసుకున్న పాలసీ భార్యాబిడ్డల కోసం ట్రస్టుగా నిలుస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడే ఈ సంగతి రాసి ఇవ్వాలి. వ్యాపారం చేసేవాళ్లు, పెద్ద అప్పులున్నవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన చట్టం ఇది.

అపోహ: బీమా సంగతి ఎలా ఉన్నా, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు నామినీకే.

వాస్తవం: బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు అదే మాట చెప్పింది. రెండో కేసు కాలనిర్ణయ్ క్యాలెండర్ స్థాపకుడు జయంత్ సాల్గావ్‌కర్ కుటుంబానిది. ఆయన వీలునామా రాశారు. మ్యూచువల్ ఫండ్లు, డిపాజిట్లకు నామినీలనూ పెట్టారు. కంపెనీల చట్టం ప్రకారం ఆ సొమ్ము పూర్తిగా మాదేనని నామినీలు వాదించారు. బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు. వారసత్వం వీలునామా ప్రకారమో, వారసత్వ చట్టం ప్రకారమో జరగాలి తప్ప, నామినేషన్ మూడో రకం వారసత్వం కాదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన జాగ్రత్త. నామినీకి డబ్బు ఇవ్వొద్దని వారసులు ఉత్త దరఖాస్తు పెట్టినంత మాత్రాన బ్యాంకు ఆగదు. కోర్టు ఉత్తర్వు ఉంటేనే ఆపుతుంది. అన్న చనిపోయి, నామినీగా తమ్ముడి పేరు ఉండి, వదినా పిల్లలూ అతని మీద అనుమానపడే పరిస్థితి ఉంటే, డబ్బు చేతులు మారకముందే కోర్టుకు వెళ్లాలి. అతను ఖర్చుపెట్టేశాక దావా గెలిచినా వసూలు కష్టం.

అపోహ: పెళ్లికి ముందు పీఎఫ్‌లో అమ్మ పేరు రాశాను, అది అలాగే చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. ఉద్యోగుల భవిష్యనిధి పథకం నిబంధనల్లో పెళ్లి దగ్గర ఒక గీత ఉంది. పెళ్లి కాగానే అంతకుముందు చేసిన నామినేషన్ రద్దయినట్టే లెక్క, కొత్తది ఇవ్వాలి. పైగా కుటుంబం ఉన్న ఉద్యోగి కుటుంబసభ్యుల పేర్లే రాయాలి. ఆ నిబంధనల్లో మగ ఉద్యోగి కుటుంబం అంటే భార్య, పిల్లలు, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు భార్యాబిడ్డలు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఆ జాబితాలో లేరు. భార్యాపిల్లలుండగా తమ్ముడి పేరు రాస్తే ఆ నామినేషన్ చెల్లదు.

హైదరాబాదులో ఐటీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కంపెనీ మారినా పీఎఫ్ సభ్యుడి నంబరు, అంటే యూఏఎన్ అదే, అందులో పాత వివరాలూ అవే. ఇరవై రెండేళ్లప్పుడు నింపిన పేరు నలభై ఏళ్లొచ్చినా అలాగే ఉంటుంది. పీఎఫ్ వెబ్‌సైటులో ఈ-నామినేషన్ ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు.

అపోహ: జాయింట్ అకౌంట్ ఉంది కాబట్టి మిగిలిన మనిషిదే మొత్తం.

వాస్తవం: ఖాతాలో ఈదర్ ఆర్ సర్వైవర్ అని ఉంటే బతికున్న మనిషి ఆ డబ్బు తీసుకోవచ్చు, బ్యాంకు ఇస్తుంది. పోయిన మనిషి సొమ్ములో వారసులకున్న హక్కు అంతమాత్రాన పోదు. ఇద్దరి పేరా ఉన్న ఖాతాలో నామినీ వంతు ఇద్దరూ పోయాకే వస్తుంది.

అపోహ: నామినీని పెట్టాను కదా, ఇక వీలునామా ఎందుకు?

వాస్తవం: వీలునామా లేకపోతే పంచేది చట్టం. ఆ చట్టం పంచే తీరు మన మనసులో ఉన్న లెక్కతో కలవాలని లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమాన వాటాదారులు. భార్యకు సగం, పిల్లలకు సగం అన్నది ఆ చట్టంలో లేదు. తల్లికి వాటా ఉంది, తండ్రికి లేదు. భార్య, పిల్లలు, తల్లి వంటి మొదటి తరగతి వారసుల్లో ఒక్కరు మిగిలినా తండ్రికి ఏమీ రాదు. కొడుకు సంపాదన మీద ఆధారపడ్డ ముసలి తండ్రి సంగతి వీలునామాలో రాయకపోతే చట్టం ఆయన్ని పట్టించుకోదు.

పెళ్లయిన కూతురి పేరు నామినీగా లేదు కాబట్టి ఆమెకు వాటా లేదని కొడుకులు అంటుంటారు. తండ్రి స్వార్జితంలో కూతురికి 1956 నుంచే కొడుకుతో సమాన వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలోనూ కూతురికి హక్కు ఇచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు అది వర్తించింది. అదే హక్కును పెళ్లితో నిమిత్తం లేకుండా దేశమంతటికీ కేంద్రం 2005లో తెచ్చింది. ఇరవై ఏళ్లు ముందుగా ఆ దారి వేసిన రాష్ట్రం మనది. అలాంటి చోట ఇంకా పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చి, ఆడపిల్ల చేత హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఆడవాళ్ల ఆస్తి సంగతి ఇంకా కఠినం. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు తలచుకుంటే మనసు కలత పడుతుంది. 1955లో ఒకామెకు పెళ్లయింది. మూడు నెలలు తిరక్కుండానే భర్త పాము కాటుతో చనిపోయాడు. అత్తవారు ఇంట్లోంచి వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చేరదీసి చదివించారు. ఉద్యోగం సంపాదించుకుంది. అత్తవారింటి గడప మళ్లీ తొక్కలేదు. 1996లో చనిపోయింది. పిల్లల్లేరు, వీలునామా లేదు. ఉద్యోగం చేసి కూడబెట్టిన పీఎఫ్, బ్యాంకు డబ్బు ఉన్నాయి. ఆమె తల్లి ఆ సొమ్ము కోసం కోర్టుకు వెళ్లింది. భర్త సోదరి కొడుకులూ వెళ్లారు. పిల్లలూ భర్తా లేని హిందూ స్త్రీ స్వార్జితం ముందుగా భర్త వారసులకు, వాళ్లెవరూ లేకపోతేనే తల్లిదండ్రులకు అంటుంది 1956 చట్టంలోని 15వ సెక్షన్. సానుభూతి వేరు, చట్టం వేరని చెప్పి సుప్రీంకోర్టు ఆ సొమ్మంతా భర్త సోదరి కొడుకులకే ఇచ్చింది. వెళ్లగొట్టిన ఇంటికి ఆమె కష్టార్జితం చేరింది. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఇది జరిగేది కాదు.

ఉద్యోగం చేస్తున్న ప్రతి స్త్రీకీ ఈ కేసు తెలియాలి. భర్తతో పడక పుట్టింట్లో ఉంటూ విడాకులు తీసుకోనివాళ్లకైతే మరీను. విడాకులు కానంత వరకు చట్టం దృష్టిలో అతను భర్తే, మొదటి వారసుల్లో ఒకడే.

ఇది హిందువుల సంగతి. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం, ముస్లింలకు షరియత్ వర్తిస్తాయి. వాటాల లెక్క వేరుగా ఉంటుంది. ముస్లింలు వీలునామా ద్వారా సాధారణంగా మూడో వంతుకు మించి రాయలేరు.

అపోహ: తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పేరుంటే ఆస్తిలో వాటా ఖాయం, లేకపోతే లేదు.

వాస్తవం: చనిపోయిన వ్యక్తికి కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే కాగితం అది. కారుణ్య నియామకాలకు, పింఛనుకు, చిన్న మొత్తాల క్లెయిములకు పనికొస్తుంది. ఆస్తి హక్కులు తేల్చే అధికారం తహసీల్దారుకు లేదు. బాకీలు, డిపాజిట్లు, షేర్ల వంటివి రాబట్టుకోవడానికి అవసరమైతే సివిల్ కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పొలం పాసుపుస్తకంలో పేరు మారినా అంతే. తెలంగాణలో విరాసత్ అన్నా, ఆంధ్రలో మ్యుటేషన్ అన్నా అది రెవెన్యూ రికార్డు. వారసుల మధ్య హక్కు తగువు వస్తే తేల్చేది సివిల్ కోర్టే.

అపోహ: చివరికి వారసులకే చెందుతుంది కాబట్టి నామినీ ఉన్నా లేకపోయినా ఒకటే.

వాస్తవం: ఇదంతా చదివాక ఇలా అనుకునే ప్రమాదం ఉంది, అది ఇంకా పెద్ద పొరపాటు. నామినీ లేని ఖాతాలో డబ్బు రావాలంటే వారసులందరి సంతకాలు కావాలి. ఒక కొడుకు డాలస్‌లో, కూతురు సిడ్నీలో, తల్లి తెనాలిలో ఉన్న కుటుంబాలు మనకు ఎన్నో. అక్కడి నుంచి కాగితాలు భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. ఒక్కరు అలిగి సంతకం పెట్టకపోతే పని నిలిచిపోతుంది. ఈలోగా ఆస్పత్రి బిల్లులూ ఇంటి ఖర్చులూ ఆగవు. నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, క్లెయిమ్ ఫారంతో డబ్బు చేతికొస్తుంది. ఆ ఇంటికి అప్పుడు కావాల్సింది అదే.

పైగా ఇప్పుడు ఒక్కరి పేరే రాయాల్సిన అవసరం కూడా లేదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత శాతమో రాయవచ్చు, లేదా ఒకరు లేకపోతే తర్వాతి వారు అని వరసగా రాయవచ్చు. లాకరుకు మాత్రం వరస పద్ధతే. నామినీ మైనరైతే ఆ సొమ్ము తీసుకునే పెద్దవారి పేరు కూడా చేర్చాలి, ఈ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఒకసారి పేరు రాస్తే మార్చడం కుదరదనుకోవద్దు. మీరు బతికుండగా నామినీకి ఆ డబ్బు మీద ఏ హక్కూ లేదు, అతన్ని అడగకుండానే ఎన్నిసార్లయినా పేరు మార్చవచ్చు.

అపోహ: వీలునామా అంటే స్టాంపు పేపర్లు, రిజిస్ట్రేషన్, పెద్ద ఖర్చు, ముసలితనంలో ఆస్తిపాస్తులున్నవాళ్లు రాసేది.

వాస్తవం: వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత రుజువుకు బలం. తెల్లకాగితం మీద, వచ్చిన భాషలో, సొంత చేత్తో తెలుగులో రాసినా చెల్లుతుంది. రాసిన వ్యక్తి సంతకం, దాన్ని చూసి పక్కన సంతకం చేసిన ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆస్తిలో వాటా పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. తేదీ వేయండి. మనసు మారితే మరొకటి రాయవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది. నామినీగా ఒకరి పేరు, వీలునామాలో మరొకరి పేరు ఉంటే సాధారణంగా వీలునామాలో ఉన్నదే నిలుస్తుంది. అందుకే రెండూ ఒకదానితో ఒకటి కలిసేలా చూసుకోవాలి.

వయసు గురించి ఒక్క మాట. ముప్పై ఏళ్లవాడికి ఇంటి లోను, టర్మ్ పాలసీ, పీఎఫ్, చంటిబిడ్డ, ఊళ్లో తల్లిదండ్రులు ఉంటారు. డెబ్బై ఏళ్లాయనకన్నా అతని కుటుంబానికే వీలునామా అవసరం ఎక్కువ. చావు మాట ఎత్తడం అశుభమని మన ఇళ్లలో ఈ సంగతి దాటవేస్తారు. ఆ మొహమాటం వల్ల నష్టపోయేది వెనక మిగిలిన ఆడవాళ్లూ పిల్లలూ వృద్ధులూ.

ఈ వారంలోనే మీ పాలసీ బాండ్లు, బ్యాంకు ఖాతాలు, పీఎఫ్, డీమ్యాట్ అన్నిటిలో నామినీగా ఎవరి పేరుందో తీసి చూడండి. పెళ్లి, బిడ్డ పుట్టడం, విడాకులు, నామినీ చనిపోవడం, వీటిలో ఏది జరిగి ఉన్నా ఆ పేరు మార్చండి. ఏ ఖాతా ఎక్కడుందో ఇంట్లో కనీసం ఒకరికి చెప్పండి. ఆ తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, ఎవరికి ఏం చెందాలో మీ చేత్తో రాసి, ఇద్దరు నమ్మకస్తుల చేత సాక్షి సంతకాలు పెట్టించండి.